పోశం కట్టిన పసుపు గుడ్డ

పోశం పెద్దకర్మ నాడు, అతని మనవరాలు ప్రాణంగా చూసుకున్న పొట్టేలును కోసి బంధువులకు వండి పెట్టారు. ఈ మాట ముందు చెప్పకుండా అతని గుణగణాలు వర్ణించడం నాకు చేతకాదు.

శ్రీరాంపూర్ బొగ్గుగనిలో నాతో పనిచేసిన పోశం గుండెపోటుతో కన్నుమూశాడని విని నిశ్చేష్టుణ్ణయ్యాను. ముందురోజు సాయంత్రమే నాతో చాయ్ తాగి, నా మీసాలను ఎగతాళి చేసి వెళ్లిన మనిషి.

గనిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం అతని పని. కర్రతో కప్పును తట్టి, చప్పుడు విని, నిలుస్తుందని తేలితేనే మమ్మల్ని అడుగు వేయనిచ్చేవాడు. "తట్టి సూడంది దేన్నీ నమ్మద్దే అన్నా" అన్నది అతని నిత్యసూక్తి.

మనవరాలు సహస్రకు ఆటిజం. మాటలు రావు. కుక్కర్ కూత వినబడితే చాలు, చెవులు మూసుకుని తల గోడకు కొట్టుకునేది. శాంతస్వభావం గల జంతువేదైనా తోడుంటే మేలు కావచ్చని, పిల్లకు నప్పేదాన్నే చూసి ఎంచుకోమని కరీంనగర్ డాక్టరు సలహా ఇచ్చాడు. పోశం ఆ ఎంపికనూ కప్పు పరీక్షలాగే చేశాడు. పిల్ల దగ్గర లేనప్పుడు, జంతువు వెనక నిలబడి ఇత్తడి పళ్లెం మోగించేవాడు. కుక్కపిల్ల మొరిగింది. పిల్లి గోళ్లు చాపింది. కుందేలు గడగడ వణికింది. లక్సెట్టిపేట అంగడిలో ఒక పొట్టేలుపిల్ల మాత్రం తలెత్తి చూసి మళ్లీ గడ్డి మేసింది. అమ్మేవాడు, యాటను కొంటున్నవా, పెండ్లికి మేళం కుదురుస్తున్నవా అని నవ్వాడట.

ఆ తర్వాత సహస్ర దాని ఉన్నిలో వేళ్లు దూర్చి కూర్చునేది. కుక్కర్ ఎంత కూసినా ఉలిక్కిపడేది కాదు.

కాని క్వార్టర్ల మధ్య పొట్టేలేమిటని పొరుగువాళ్లు సణిగారు. దొంగల భయం సరేసరి. పోశం దాని మెడకు పసుపు గుడ్డ కట్టి, పోచమ్మకు మొక్కిన యాట అని చాటాడు. మొక్కిన జీవి జోలికి మా దిక్కున ఎవరూ పోరు. నాకొక్కడికే నిజం చెప్పాడు. "పిల్ల కోసం ఆడిన అబద్ధం, తల్లి ఏమనదే" అన్నాడు. మొక్కు అన్నంక అడిగేటోళ్లు ఉంటరు పోశం, అన్నాను. నవ్వేశాడు. జీవితంలో ఆ ఒక్క కప్పునే అతను తట్టి చూసుకోలేదు.

అతని చితి చల్లారకముందే గుసగుసలు మొదలయ్యాయి: మొక్కు తీర్చలేదు, అందుకే తల్లి తీసుకుపోయింది. అది మొక్కు కాదని ఇంటింటికీ తిరిగి చెప్పాను. పోయినవాడి రహస్యానికి సాక్షిని నేనొక్కణ్ణే. వాళ్ల దృష్టిలో నేను దేవుణ్ణి లెక్కచేయని మొండి ముసలివాణ్ణి. ఎవరు వింటారు?

నోరులేని ఇద్దరి మనసు ఎరిగి జతకూర్చిన ఆ కరుణామూర్తికి నమస్కరిస్తున్నాను. అతని స్థానం నింపగల మనిషి ఈ వాడకట్టులో లేడు. సహస్ర ఇప్పుడు ఖాళీ గుంజ దగ్గర, ఏ చప్పుడూ లేకున్నా, చెవులు మూసుకుని కూర్చుంటున్నది. అన్నం ముట్టదు.

ఎందుకు కోయించావని పోశం వాళ్ల అన్న మల్లేశాన్ని ఎన్నిసార్లో అడిగాను. మొహం తిప్పుకునేవాడు. నిన్న జవాబిచ్చాడు.

"తల్లి కోపం ఇంకా సల్లారలే రాజన్నా. పిల్ల అన్నం ముడ్తలేదు, సూస్తలేవా? తల్లికని ఇంకో యాటను కొనుక్కచ్చినం. పిల్ల చేతులనే పెట్టినం. ఆదివారం దాక మేపుతది."