జుమ్మా వేళ దొరకని ఇంపెల్లర్

2023 ఎండాకాలం. కర్నూలులో బోరు మోటార్ల సామాన్లమ్మే కొట్ల కోసం నేనొక సెర్చ్ టూల్ తయారుచేశాను. ప్రపంచంలో అలాంటిది అదే మొదటిదని చాలామందికి చెప్పాను. కాదు. ఎవరెవరో చేసి నెట్‌లో పెట్టినవి చూసి నేర్చుకున్నదే.

అది పీర్-టు-పీర్ పద్ధతి. మధ్యలో పెద్ద కంప్యూటరేదీ ఉండదు. ఏ కొట్టు సరుకు వివరాలు ఆ కొట్టు ఫోనులో, బ్రౌజర్‌లోనే ఉంటాయి. ఎవరైనా వెతికితే ప్రశ్న ఒక బ్రౌజర్ నుంచి ఇంకో బ్రౌజర్‌కు పోతుంది, సరుకున్న చోటు నుంచి జవాబు వస్తుంది. తమ సరుకంతా పక్కవాడి కంట పడదు కాబట్టి కొట్లవాళ్ళకు ఇది నచ్చింది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం నేనొక కొట్లో కూర్చుని ఉండగా ఓర్వకల్లు వైపు నుంచి ఓబుళరెడ్డి అనే రైతు వచ్చాడు. పాత మోటారుకు ఇంపెల్లర్, అంటే నీటిని పైకి నెట్టే రెక్కల చక్రం, కావాలన్నాడు. చీనీ తోటకు, అదే బత్తాయి తోటకు, నీళ్ళాగి కాయ రాలుతోందట. నేను దర్జాగా వెతికాను. ‘ఎక్కడా లేదు’ అని వచ్చింది. ఊరంతా గాలించినట్టేనని హామీ కూడా ఇచ్చాను.

"అట్లయితే హైదరాబాదు పోతాండా. ఇంకా ఆలస్యమైతే చెట్లే పోతాయప్పా," అని లేచాడు. ఏదైనా తెలిస్తే చెప్పమని ఫోన్ నంబరిచ్చాడు.

కాసేపటికి ఎదురుకొట్టు మహబూబ్ బాషా నమాజు నుంచి వచ్చి షట్టరెత్తాడు. మాటల్లో రైతు సంగతి చెప్పాను. ఆయన లోపలికి పోయి ఇంపెల్లర్ తెచ్చి నా ముందు పెట్టాడు.

"నన్నడక్కుండానే లేదని ఎట్ల చెప్తివి పెద్దాయనా?"

జుమ్మాకు, అంటే శుక్రవారం నమాజుకు, పోతూ ఆయన షట్టర్ దించి ఫోనూ ఆపేశాడు. బ్రౌజర్ మూస్తే ఆ కొట్టు మా టూల్‌కు లేనట్టే. ఆ వీధిలో శానా కొట్లు శుక్రవారం ఆ వేళకు అంతే. ఈ ఊళ్ళోనే ముసలివాణ్ణయ్యాను, నాకు తెలియదా? తెలుసు. టూల్‌కు నేర్పలేదు.

బస్సు వెంట పరుగెత్తి ఆపానని ఇంట్లో చెప్పుకున్నాను. నా మోకాళ్ళ సంగతి తెలిసిన మా ఆవిడ నవ్వింది. ఫోన్ చేశానంతే. బస్టాండు నుంచి తిరిగొచ్చిన రెడ్డి చక్రాన్ని తిప్పి చూసుకుని, స్థిమితపడ్డాక నా వైపు తిరిగాడు.

"నమాజుకు పోయినాడని చెప్పింటే ఈడనే కూచొనుంటి గదప్పా."

ఇప్పుడు మా టూల్ ‘ఎక్కడా లేదు’ అనదు. ఇదివరకు తనతో కలిసిన కొట్లన్నిటినీ గుర్తుపెట్టుకుని, తెరిచినవాటిలో లేదని చెప్పి, ఇంకా అడగని కొట్ల పేర్లు చూపుతుంది. వెతికేవాడికి ఆ పేర్లూ జవాబేనని నాకు నేర్పింది ఆ చీనీ తోట రైతే.