మూడో సిలిండర్

ఇరవై రెండేళ్లుగా ఉట్నూర్‌లో ట్రాక్టర్లు బాగుచేస్తున్నాను. ఇంజన్‌లో చప్పుడొస్తే దానికో కారణం ఉంటుంది, దాన్ని పట్టుకోవడమే నా పని. ఎవరైనా దయ్యం, గాలి అంటే నవ్వేవాణ్ని. ఒకాయన బండికి నిమ్మకాయలు కట్టుకొస్తే, ముందు ఆయిల్ మార్చుకోమని ఎగతాళి చేశాను. ఇప్పుడు అలా అనే ధైర్యం నాకు లేదు.

మల్లేశ్‌ది జైనూర్ దగ్గర ఒక ఊరు. అతనికి మూడు సిలిండర్ల పాత ట్రాక్టర్ ఉండేది. పత్తి తీసే రోజుల్లో "అన్నా, ఎత్తుల లాగుతలేదు, జర చూడు" అని తెచ్చాడు.

కంప్రెషన్ చూశాను. అంటే సిలిండర్‌లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటుందో చూడటం. సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ విప్పి, ఆ రంధ్రంలో గేజ్ బిగించి ఇంజన్ తిప్పితే ముల్లు చెబుతుంది. రెండు సిలిండర్లు బాగున్నాయి. మూడోదాని నాజిల్ తుప్పుపట్టి ఊడి రాలేదు. రెండు బాగుంటే మూడోదానికి ఏమవుతుందిలే అనుకున్నాను. "ఫికర్ లేదు, లోడ్ కొట్టుకో" అన్నాను. ఒట్టి బద్ధకం.

పదిరోజులకు పత్తి లోడుతో గుట్ట ఎక్కుతుంటే ఇంజన్ ఆగిపోయింది. ట్రాలీ బరువుకు బండి వెనక్కి జారి బోల్తాపడింది. మల్లేశ్ దాని కింద నలిగి చనిపోయాడు. తాగి నడిపాడని ఊరంతా అనుకున్నారు. ఆ మాట నా చెవినా పడింది. నోరు మెదపలేదు.

ఆరు నెలల తర్వాత, దుక్కులకు ముందు, మల్లేశ్ తమ్ముడు తిరుపతి కబురు పెట్టాడు. బండి మళ్లీ నడపాలి, ఒకసారి చూడమన్నాడు. పోవాలనిపించలేదు. కాదనడానికి మొహం చెల్లలేదు.

మిట్టమధ్యాహ్నం వాళ్ల కొట్టంలో పని మొదలుపెట్టాను. తిరుపతి సీటు మీద కూర్చున్నాడు. నేను వంగితే డీజిల్ ట్యాంకు అడ్డమొచ్చి సీటు కనబడదు. నేను "కొట్టు" అంటే అతను తాళంచెవి తిప్పి సెల్ఫ్ కొట్టాలి, "చాలు" అంటే ఆపాలి. మొదటిది, రెండోది చూశాం. బాగానే ఉన్నాయి. మూడో నాజిల్ అప్పటిలాగే బిగుసుకుని ఉంది. దాని జోలికి పోలేదు. "చాలు, అయిపోయింది" అని గేజ్ విప్పి, తీరిగ్గా తుడుచుకుంటున్నాను.

ఇంజన్ మళ్లీ తిరిగింది.

"చాలన్న గదా" అని అరిచాను. ఆగలేదు. అప్పుడు ఆ చప్పుడు విన్నాను. రెండు రంధ్రాలు తెరిచి ఉన్నాయి, మూడోది మూసి ఉంది. అది బాగుంటే, గాలి నొక్కినప్పుడల్లా ఇంజన్ బిగుసుకుని ఆగి ఆగి తిరగాలి. ఇది బావిగిలకలా ఒకేతీరుగా తిరుగుతోంది. మూడో సిలిండర్‌లో గాలి నిలవడం లేదు. ఆ సంగతి నాకు అర్థమయ్యాక గానీ ఇంజన్ ఆగలేదు.

కోపంగా లేచి చూస్తే సీటు ఖాళీ. తిరుపతి వాకిట్లో నుంచి ఫోన్ మాట్లాడుకుంటూ వస్తున్నాడు.

"నువ్వు అయిపోయిందన్నవని అప్పుడే దిగిన అన్నా. తాళంచెవి గిదో, నా జేబులనే ఉన్నది" అన్నాడు.

సెల్ఫ్ వైర్లు ఒక్కొక్కటే పట్టి చూశాను. ఎక్కడా ఒకదానికొకటి తగల్లేదు. తర్వాత మూడో నాజిల్‌ను బలవంతంగా ఊడబీకి గేజ్ బిగించి, తిరుపతితో సెల్ఫ్ కొట్టించాను. ముల్లు సగం కూడా లేవలేదు.

మల్లేశ్ భార్య సుగుణను పిలిచి అక్కడే చెప్పేశాను. ఇంజన్ లాగకనే బండి జారింది, నేను సరిగా చూడలేదు, తప్పు నాది అని. ఆమె తిట్టలేదు.

"ఆర్నెల్ల సంది నా పిల్లలను తాగుబోతు పిల్లలు అంటున్నరన్నా. గప్పుడే ఎందుకు చెప్పలే?" అన్నది.



తాళంచెవి లేకుండా ఆ సెల్ఫ్ ఎలా పడిందో ఇప్పటికీ నాకు అంతుచిక్కలేదు. వైర్ల మీద నెపం పెట్టాలని ఎంతో చూశాను, కుదరలేదు. ఆ ఇంజన్ తిరగకపోయి ఉంటే మాత్రం, మూడోదాన్ని ముట్టుకోకుండానే ఆ బండిని తిరుపతి చేతిలో పెట్టి ఇంటికి పోయేవాణ్ని.