దర్పణం బాబాయి

మా బాబాయికి ఒకటే జబ్బు. మెరిసే వస్తువు కంటపడితే చాలు, 'దర్పణం' అనే మాటకు అర్థం చెప్పందే అక్కణ్ణుంచి కదలడు. ఆయన వృత్తి చెక్క సామానుకు పాలిష్ పెట్టడం. కాబట్టి మెరిసే వస్తువులకు కరువూ లేదు, అదే షాపులో వడ్రంగినైన నాకు విముక్తీ లేదు.

"అబ్బ, బల్ల అద్దంలా ఉందండీ!" అనేవాడు ఏ పాపమూ ఎరుగని కొనుగోలుదారుడు.

"అద్దం కాదు సార్, దర్పణం అనండి. దర్పం అంటే గర్వం. చూసుకున్నవాడికి కాస్త గర్వం పుట్టించేదే దర్పణం. సంస్కృతం! ఏదీ, ఒకసారి వంగి చూసుకోండి."

పాపం, ఆయన వంగేవాడు. లేస్తూ మీసం సవరించుకుంటే సరుకు ఇంటికి వెళ్లేది. లేకపోతే బాబాయి ఇంకో పూత వేసేవాడు. "నాక్కావలసింది బల్ల, గర్వం కాదు మహాప్రభో!" అని ఒకాయన మొత్తుకున్నా వదల్లేదు.

ఒకసారి యజమాని బట్టతలను కూడా వంగి చూసి, "మెరుపుంది గానీ, ఇంకా దర్పణం కాలేదు" అని తేల్చాడు. ఆయన వారం రోజులు టోపీ తీయలేదు.

అలాంటి మనిషి ఒక ఆదివారం తన ఇంట్లో భోజనాల బల్లనే గరుకు కాగితంతో పరపరా గీకేస్తున్నాడు. పదేళ్లుగా పూత మీద పూత వేసి సాకిన బల్ల అది.

"బాబాయ్, మతిపోయిందా?"

"ఉష్! మీ పిన్ని వింటుంది."

పిన్ని టీచరు. పెద్ద జ్వరం వచ్చి తగ్గాక జుట్టంతా రాలిపోయింది. గది దాటి రావడం మానేసింది. సెలవు ఇంకో నెలే ఉంది. ఆ తర్వాత బడికి వెళ్లకపోతే ఉద్యోగం పోతుంది.

"అద్దాలన్నీ తీసేశాను. నిన్న ఎలాగో బతిమాలి అన్నానికి కూర్చోబెడితే, ఈ బల్లలో ముఖం చూసుకుని లేచిపోయిందిరా. గర్వం పుట్టించలేనిది నా ఇంట్లో ఎందుకు?"

అంతటితో ఆగాడా? స్టీలు గ్లాసులు గీకాడు, తలుపు గడియలు గీకాడు. కళ్లజోడు మీదికి కూడా పోతుంటే నేనే లాక్కున్నాను.

పిన్ని బల్ల దగ్గరికి వచ్చి తినడం మొదలుపెట్టింది. తర్వాత వరండాలోకి, ఆ తర్వాత వీధి చివరిదాకా వెళ్లింది. నెలాఖరుకు తల మీద అరంగుళం జుట్టు మొలిచింది. ఆ ఉదయం బడికి బయలుదేరుతూ గుమ్మంలో ఆగింది.

"ఏమండీ, ఇన్నాళ్లూ పోనీలే అని ఊరుకున్నాను. పాలిష్ పెట్టేవాడి ఇంట్లో ఇంత గరుకు బల్లా? సాయంత్రం మా టీచర్లు వస్తున్నారు. నేనొచ్చేసరికి దాంట్లో నా ముఖం కనిపించాలి."

చెప్పులేసుకుని చకచకా వెళ్లిపోయింది.

బాబాయి చేతికందిన పాలిష్ గుడ్డతోనే చెంపలు తుడుచుకున్నాడు. సగం ముఖం ముదురు గోధుమరంగులో నిగనిగలాడుతుంటే నాకు నవ్వు ఆగలేదు.

"ఇకిలించింది చాలు, ఆ సీసా ఇటివ్వు!" అని కసిరాడు. "ఐదులోపల మూడు పూతలు పడాలి."