కందుల దుమ్ము, మా నాయిన ఊపిరి

మా ఇంట్లో కంది పంట వచ్చే రోజుల్లో అందరి గొంతులూ బొంగురుపోయి ఉండేవి. మా పొలం నాగల్‌గిద్ద వైపు. చలికాలంలో కందికట్టె కోసి, ఎండబెట్టి, కళ్ళం మీద వేసి కొడితే లేచే దుమ్ము అంతా ఇంతా కాదు. సన్నటి పొట్టు, ఆకు నుసి ముక్కులో దూరి గొంతులో తిష్ట వేస్తాయి. ఆ దుమ్ముకు మా నాయిన దగ్గర ఒకటే మందు, బెల్లం. పొద్దుగూకే వేళ పని ఆపగానే కూలికి వచ్చినవాళ్లందరినీ పిలిచి తలా ఒక గడ్డ చేతిలో పెట్టేవాడు. బెల్లం తింటే లోపల పడ్డ దుమ్మంతా జారిపోతుందని ఆయన నమ్మకం. ఆయనొక్కడిదే కాదు, మా వైపు కంది వేసే ఇళ్లన్నిటిదీ అదే నమ్మకం. ఎవడైనా మూతికి తువ్వాల కట్టుకుంటే నవ్వేవాళ్లు. బెల్లం ఉండగా నీకీ సోకులెందుకురా అని ఆట పట్టించేవాళ్లు.

నేనూ తిన్నాను. నా గడ్డ తిని, చెల్లెలి గడ్డలో సగం గుంజుకుని మరీ తిన్నాను. ఆ తీపి గొంతు దిగుతుంటే దుమ్ము నిజంగానే పోయినట్టుండేది. ఇప్పుడు తలచుకుంటే నోరూరుతుంది, ఆ వెంటనే ఒళ్లు మండుతుంది.

మా అమ్మకు ఈ మందుల గొడవ లేదు. వేడి వేడి జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పొలం గట్ల మీద ఏరుకొచ్చిన గంగవాయిలి కూర, పక్కన కోసిన ఉల్లిగడ్డ. పెరట్లో జామచెట్టు కాసినన్నాళ్లూ జామపండ్లు, అవి అయిపోతే ఉసిరికాయ తొక్కు. వాటిలో విటమిన్లున్నాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు. కూర పక్కకు నెట్టే పిల్లల వీపు మీద మాత్రం చెయ్యి పడేది. అంత దుమ్ములో పెరిగినా మేం జలుబులతో పెద్దగా మంచం పట్టలేదు. ఆ వంటిల్లు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది, దాచుకోవడం ఎందుకు.

అమ్మ పోయాక నాయిన ఊరు వదిలి, ఖేడ్ టౌనులో ఉంటున్న నా దగ్గరికి వచ్చేశాడు. నాది ఆఫీసు ఉద్యోగం. పొద్దున హడావిడిగా బియ్యం కడిగి కుక్కర్లో పడేసి, రాత్రి మిగిలిన పులుసుతో సరిపెట్టేదాన్ని. ఆకుకూర తెంపుతూ కూర్చునే ఓపిక నాకెక్కడిది? అప్పటికే ఆయనకు దగ్గు పట్టుకుంది. రెండు మెట్లెక్కితే ఛాతీలో పిల్లికూతలు వినిపించేవి. కరోనా వచ్చిపోయిన రోజులు, ఎవరి నోట విన్నా సి విటమినే. నేనూ మెడికల్ షాపుకెళ్లి రంగురంగుల గోలీల సీసాలు తెచ్చాను. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, పడుకునే ముందు ఒకటి. మందు పేరెత్తితే మొహం తిప్పుకునే మనిషి అవి కిమ్మనకుండా మింగేశాడు. నేను గెలిచానని మురిసిపోయాను.

కంది కోతలొచ్చాయి. ఇప్పుడు కట్టెలతో కొట్టడం లేదు, మిషను వస్తుంది. దుమ్ము మునుపటికి పదింతలు. నాయిన పొలానికి పోవడానికి సంచి సర్దుకుంటుంటే, గోలీలు వేసుకున్నావా అని అడిగాను. వేసుకున్నానన్నాడు. సరే వెళ్లమన్నాను. నా నోటితో నేనే వెళ్లమన్నాను.

మధ్యాహ్నానికల్లా ఫోను. మిషను పక్కన నిలబడి ఊపిరాడక కూలబడ్డాడట. కూలివాళ్లు ఆటోలో వేసుకుని ఖేడ్ దవాఖానకు తెచ్చేసరికి పెదవులు నీలమై ఉన్నాయి. ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. రెండు రోజులకు మనిషి తేరుకున్నాడు. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి ఏం పెడుతున్నావని అడిగితే గొప్పగా సీసాల పేర్లు చదివాను. ఆమె ఓపికగా విన్నది. ఆకుకూరలు, పప్పు, గుడ్డు, పండ్లు రోజూ తింటే ఒంటికి సత్తువ వస్తుంది, రోగాన్ని తట్టుకుంటుంది, ఊపిరి పీల్చే కండరాలకూ ఆ బలమే కావాలి అని చెప్పింది. ఆ తర్వాత అన్న మాట నేను మరిచిపోలేను.

"తిండి బలమిస్తది. దుమ్ము ఊడ్చేది తిండీ కాదు, గోలీ కాదు. దుమ్ముల నిలబడకుండ చూసుకో."

పెద్దయ్యాక, ఆ బెల్లం నమ్మకానికి నాయిన్ని ఎన్నిసార్లు వెక్కిరించానో నాకే లెక్క లేదు. నేను మాత్రం చేసిందేమిటి? అదే బెల్లాన్ని సీసాలో పోసి తెచ్చాను.

ఇంటికొచ్చాక పంతం పట్టి పాలకూర పప్పు, గుడ్డు, జామపండ్లు పెట్టడం మొదలుపెట్టాను. కళ్ళం వైపు కన్నెత్తి చూడొద్దని గట్టిగా చెప్పేశాను. అంతే, నాయిన తిండి మానేశాడు. రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కునేవాడు. నెల తిరిగేసరికి చొక్కా వదులైపోయింది. దగ్గడానికి కూడా బలం చాలేది కాదు. ఇట్లా అయితే ఇంకో చలికాలం చూడడని నాకు తెలుస్తూనే ఉంది. ఒకరోజు కోపం ఆపుకోలేక అడిగేశాను, చేదు గోలీలు అన్నన్ని మింగినవాడివి, చేతితో కలిపిన ముద్ద ఎందుకు మింగవని. ఆయన నేల వైపు చూస్తూ అన్నాడు.

"అవి మింగితె నువ్వు కళ్ళంకాడికి పోనిస్తవని మింగిన బిడ్డా. ఇప్పుడు పోవుడే బందాయె. ఇగ గీ బలం ఏం చేసుకోవాలె?"

వంటింట్లోకి వెళ్లి కుళ్లి కుళ్లి ఏడ్చాను. వచ్చే కోతలకు నేనే తీసుకెళ్తానని మాటిచ్చాక ఆయన రెండు ముద్దలు నాలుగయ్యాయి.

మరుసటి ఏడు మిషను వచ్చిన రోజు ఆఫీసుకు సెలవు పెట్టి ఆయన్ని నేనే పొలానికి తీసుకెళ్లాను. గాలి వచ్చే వైపు, కళ్ళానికి చాలా దూరంగా, గట్టు మీద కుర్చీ వేశాను. దుమ్మంతా అవతలికి పోతోంది. మూతికి గుడ్డ కూడా కట్టాను, గొణుక్కుంటూనే కట్టించుకున్నాడు. అక్కడి నుంచే చెయ్యి ఊపుతూ మిషనువాడికి పని చెప్పాడు, వాడికి వినిపించినా వినిపించకపోయినా. మధ్యాహ్నం గుడ్డ కిందికి లాగి, నేను తెచ్చిన రొట్టె, పప్పు తిని, ఇంకొకటుందా అని అడిగాడు. నా వాటా ఇచ్చేశాను.