పెడ్ అంటే పాదం

బ్యాంకు పరీక్షకు చదివేటప్పుడు లెక్కలకు నేను ఎన్నడూ భయపడలే. భయమంతా ఇంగ్లీషుతోనే. ఇంటర్ దాంక తెలుగు మీడియం చదివిన. పేపర్ల ఒక పెద్ద మాట కనబడితే చాలు, కండ్లు దాన్ని దాటేసి కింది లైనుకు పోయేవి.

సైదాబాద్‌ల ఒక కోచింగ్ సెంటర్ల చేరిన. అక్కడ ఇంగ్లీషు చెప్పే సారు కోస్తా దిక్కు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. మొదటి రోజే బోర్డు మీద ‘పోర్ట్’ అని రాసి, “లాటిన్‌లో దీని అర్థం మోయడం. ఇప్పుడు చెప్పండి, ఇంపోర్ట్ అంటే ఏంటి?” అన్నడు. లోపలికి మోసుకొచ్చుడు. ఎక్స్‌పోర్ట్ అంటే బయటికి. స్టేషన్ల సామాన్లు ఎత్తే పోర్టర్ గూడ ఆ కుటుంబమే. నాకు మస్తు మజా అనిపించింది. ఆ రోజు ఆటోల ఇంటికి వస్తుంటే దుకాణాల బోర్డులన్నీ విడగొట్టి చదువుకుంట వచ్చిన.

మా ఇల్లు ఉప్పుగూడల. బాపు అక్కడి గుడిల పూజారి. తాత గూడ గదే గుడిల చేసిండు. నేను వరండాల కూసొని గట్టిగ చదువుతుంటే, బాపు పక్కన పూలు సదురుకుంట వినేటోడు. ఒకనాడు “డెంట్ అంటే పన్ను” అని చదివిన. బాపు చెయ్యి ఆగింది.

“దంతం గద బిడ్డా,” అన్నడు.

“నోమెన్ అంటే పేరు.”

“నామం.”

“సెప్టెమ్ అంటే ఏడు, నోవెమ్ అంటే తొమ్మిది, డెకెమ్ అంటే పది.”

“సప్త, నవ, దశ. ఏంది, ఆ లాటినోళ్లు మనకు చుట్టాలా?”

నిజంగనే చుట్టాలని సారు చెప్పిండు. సంస్కృతం, లాటిన్ రెండూ ఒకే పాత భాష నుంచి వచ్చినయట. గా ముచ్చట చెప్పుడే ఆలస్యం, బాపు ఇగ ఆగలే. డిసెంబర్ల పది ఉంటే అది పన్నెండో నెల ఎట్లయిందని లొల్లి పెట్టిండు. పాతకాలంల వాళ్ల సంవత్సరం మార్చిల మొదలయ్యేదంటే, “మన ఉగాది లెక్కనే,” అని ఖుష్ అయిండు. తర్వాత క్యాలెండర్ల కాలం ఉన్నదన్నడు. మాన్యువల్‌ల మనువు ఉన్నడన్నడు. క్లాసుల అడిగితే సారు నవ్వుకుంట తల అడ్డంగ ఊపిండు.

“క్యాలెండర్‌కీ మన కాలానికీ ఏ సంబంధం లేదమ్మా. మాన్యువల్‌లో ఉన్నది మనువు కాదు, చెయ్యి. మీ నాన్నగారిని కొంచెం నెమ్మదిగా వెళ్లమని చెప్పు.”

చెప్పిన. బాపు నెమ్మదిగ పోలే.

గప్పుడే బాపుకు మడమ నొప్పి పట్టుకున్నది. గుడిల బండల మీద చెప్పులు లేకుంట పొద్దుగాల, సాయంత్రం నిలబడే పనాయె. పొద్దున లేచి కాలు కింద పెడితే సూదులు గుచ్చినట్టు ఉంటదనేటోడు. డాక్టర్ కాడికి పోదామంటే మాత్రం రేపు, ఎల్లుండి అని జరిపేటోడు. ఒకనాడు ఏదో పని మీద సైదాబాద్ వచ్చి, నన్ను తోల్కపోదామని క్లాసు కాడికి వచ్చిండు. ఇద్దరం నడుస్తుంటే సందు మలుపుల కొత్తగ తెరిచిన క్లినిక్ కనబడ్డది. బోర్డంతా ఇంగ్లీషే. బాపు ఆగి, కింది లైనును అక్షరం అక్షరం కూడబలుక్కున్నడు. పీడియాట్రిషియన్.

“ముందుగాల పి, ఇ, డి ఉన్నయి. పెడ్ అంటే ఏం చెప్పినవ్?”

“పాదం.”

“అయితే పాదాల డాక్టరే. పా.”

సైకిల్ పెడల్, రోడ్డు మీద నడిచే పెడెస్ట్రియన్, ఈ రెండు మాటలు సారు ముందు రోజే చెప్పిండు. నాకు గూడ అండ్ల తప్పేం కనబడలే. లోపలికి పోయి టోకెన్ తీసుకున్నం. గోడల మీద ఏనుగులు, జిరాఫీల బొమ్మలు. ఎటు చూసినా ఏడిచే పిల్లలు. నాకు అనుమానం మొదలైంది. బాపుకు కాలే. పక్క కుర్చీల బుర్ఖా వేసుకున్న ఒకామె బిడ్డను భుజం మీద ఎత్తుకొని జో కొడుతున్నది. బాపు పిలకను, నుదుటి నామాలను చూసి, మీ పిల్లగాడు యాడున్నడని మర్యాదగ అడిగింది.

“పండిత్‌జీ, ఆప్‌కా బచ్చా కిధర్ హై?”

బాపు నా భుజం మీద చెయ్యేసిండు. “ఇధరిచ్ హై నా.”

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. “మాషాల్లా, బడీ హో గయీ,” అన్నది, మంచిగ ఎదిగిందన్నట్టు.

నాకు సిగ్గుతోని చెవులు వేడెక్కినయి. “ఇది పిల్లల దవాఖాన బాపు, లే, పోదాం,” అని చెవుల చెప్పిన. బాపు లేచేలోపే మా నంబర్ పిలిచిన్రు. పిలిచినంక పోకుంటే బాగుండదని బాపు నేరుగ లోపలికే నడిచిండు.

లోపల ఉన్నది ఒక డాక్టరమ్మ. పేషెంట్ ఎవరని అడిగింది. “నేనేనమ్మా,” అని బాపు పెడ్, పాదం, లాటిన్, సంస్కృతం అన్నీ మొదటి నుంచి చెప్పిండు. ఆమె పెన్ను పక్కన పెట్టి మొత్తం విన్నది.

“మీరన్నది నిజమే పంతులుగారూ. పెడల్‌లో ఉన్నది పాదమే. నా బోర్డు మీద ఉన్నది మాత్రం గ్రీకు మాట. దానికి అర్థం పిల్లలు.”

బాపు రెండు వేళ్లు చూపెట్టిండు. “అంటే రెండు వేరే ఇండ్లల్ల ఒకటే పేరు పెట్టుకున్నరు.”

“అంతే.”

డాక్టరమ్మ లేచి వచ్చి బాపు మడమ మీద వేలితో ఒత్తి చూసింది. బాపు మొహం ముడుచుకున్నది. ఇది తను చూసేది కాదని, ఎముకల డాక్టర్‌కు చూపెట్టమని, అప్పటిదాంక వట్టి బండ మీద ఎక్కువసేపు నిలబడొద్దని చెప్పింది.

“ఆయన్ను ఇంగ్లీషుల ఏమంటరమ్మా?” బాపు అడిగిండు.

“ఆర్థోపెడిక్ అంటారు.”

“అండ్ల గూడ పెడ్ ఉన్నది గద.”

“అది కూడా గ్రీకే,” అని ఆమె నవ్వింది. “పిల్లల్ని నిటారుగా చెయ్యడం అని. మొదట్లో ఆ వైద్యం పిల్లల వంకర ఎముకలకే అట.”

“అయితే యాడికి పోయినా నేను పిల్లగాన్నే,” అన్నడు బాపు.

ఎముకల డాక్టర్ మందుల కన్నా కసరత్తులే ఎక్కువ రాసిచ్చిండు. మెత్తటి చెప్పులు తొడుక్కోమంటే గర్భగుడిల అదెట్ల అయితదని బాపు దిగులు పడ్డడు. అమ్మ కొత్త గోనెపట్టా మడతలు పెట్టి, దళసరిగ కుట్టి ఇచ్చింది. దాని మీద నిలబడే హారతి ఇచ్చుడు మొదలుపెట్టిండు. చలికాలం దాటేసరికి నొప్పి చాలావరకు తగ్గింది.

మొదటిసారి పరీక్ష పోయింది. మరుసటి ఏడు మళ్లీ రాసిన. ఆ ఇంగ్లీషు పేపర్ల ‘ఇన్‌క్రెడ్యులస్’ అని ఒక మాట వచ్చింది. నేనెన్నడూ చూడని మాట. క్రెడ్ అంటే నమ్ముడు, ముందల కాదని చెప్పే ఇన్ ఉన్నది కాబట్టి నమ్మకపోవుడు. నాలుగు జవాబుల్ల దానికి దగ్గరిది పెట్టి, తర్వాతి ప్రశ్నకు పోయిన. చెమటలు పట్టలే. ఇప్పుడు ఫలక్‌నుమా దిక్కు ఒక బ్రాంచిల పనిచేస్తున్న. పొద్దంత ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడూ మాట్లాడుడే. బాపు మాత్రం గ్రీకు గురించి ఇంకేమన్న చెప్పమని మా సారుకు అప్పుడప్పుడు ఫోన్ చేస్తడు.