లాలాగూడ నుంచి మూసీ అవతలికి: ఒక ఇటాలియన్ పరీక్ష

మా ఇంట్లో ఇటాలియన్ నేర్చుకోవడమంటే సన్యాసిని కావడమే. మాది లాలాగూడలో ప్రొటెస్టెంటు కుటుంబం. నాన్న రైల్వే వర్క్‌షాపులో గుమాస్తా, ఆదివారం చర్చిలో బైబిలు చదివేదీ ఆయనే. కాన్వెంటులో నాకు కుట్టుపని నేర్పిన ఇటాలియన్ సిస్టరు దగ్గర ఆమె భాష పట్టుకున్నాను, బి.ఏ. అయ్యాక కూడా వదల్లేదు. అంతే, నేను రోమను కేథలిక్కుల్లో కలిసిపోతానని మావాళ్లు తీర్మానించేశారు. "తెల్లముసుగు వేసుకుంటావటే?" అని అమ్మ ఏడుపు. పాస్టరుగారు వచ్చి, నా తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, టీ తాగి వెళ్లారు. నాకేం కావాలో ఒక్కరూ అడగలేదు. నాకు కావలసింది ఇటలీలో ఒక విశ్వవిద్యాలయం విదేశీయులకు నడిపే పై తరగతి: భాష, దానితోపాటు ఆ నగరాల చరిత్ర, చిత్రకళ, నాటకం. దరఖాస్తుతో పాటు ఇటాలియన్ మాతృభాషగా గలవారు పరీక్షించి ఇచ్చిన సిఫార్సు ఉత్తరం ఉంటే మంచిదని రాశారు. మా సిస్టరు ఇప్పుడు మూసీ అవతలి మఠంలో ఉంది. శనివారం అక్కడికే బయల్దేరాను.

లాలాగూడ నుంచి సీతాఫల్‌మండి స్టేషనుకు ఇరవై నిమిషాల నడక. ఏడుంపావు బండికి కాచిగూడ వరకు మూడో తరగతి టికెట్టు తీసుకున్నాను. కాచిగూడ బయట టాంగా ఎనిమిదణాలు. హాలీ అణాలా, కల్దారా అని ముందే తేల్చుకున్నాను. నిజాం హాలీ డబ్బు, సికింద్రాబాదు కల్దారు డబ్బు ఇంకా రెండూ చలామణిలోనే ఉన్నాయి మరి. టాంగా తోలే ముసలాయన మాటకారి.

"సిస్టర్ల దగ్గరికా? ఎవరికన్న బీమారా బిడ్డా?"

"కాదు చాచా, పరీక్షకి. ఇటలీ భాష."

"అగో! ఇంకో భాషనా?" అని నవ్వాడు. "నా కొడుకు ఉర్దూల చదివి దఫ్తర్ల కూసున్నడు. గిప్పుడు ఇంగ్లీషు రాదని ఇంట్ల కూసోబెట్టిన్రు. భాష నేర్చేటప్పుడు అది ఎవరిదో జెర చూసుకో."

వంతెన దగ్గర సిపాయిలు ఆపారు. పోలీసు చర్య జరిగి ఏడాది దాటినా తనిఖీలు ఆగలేదు. ముసలాయన పేరు రెండుసార్లు అడిగారు, గుర్రం గడ్డి మూట విప్పించారు. పుస్తకాల సంచితో వెనక కూర్చున్న నన్ను ఏమీ అడగలేదు. "రోజూ గింతే" అంటూ ఆయన మూట కట్టుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మఠంలో సిస్టరు ఒక బొమ్మ నా ముందు పెట్టి, దాని గురించి అరగంట మాట్లాడమంది. పాత చర్చి గోడమీది చిత్రం. చిత్రకారుడు దేవదూతలకు తన వీధిలోని బట్టల వర్తకుల మొహాలు పెట్టాడు. మా రెజిమెంటల్ బజార్ సేట్లకు రెక్కలు తగిలిస్తే ఎట్లా ఉంటారో ఇటాలియన్‌లో వర్ణించాను. సిస్టరు కళ్లజోడు తీసి కన్నీళ్లు తుడుచుకునేదాకా నవ్వింది. వెంటనే ఉత్తరం రాసి చేతికిచ్చింది. నా భాష గురించి రెండు మంచి వాక్యాలు. చివర ఇలా ఉంది: "ఈ అమ్మాయి దారి తప్పిన కుటుంబాన్ని విడిచి నిజమైన విశ్వాసంలోకి రావాలని తపిస్తోంది."

"ఈ మాట నేనెప్పుడన్నాను, సిస్టర్?"

"అనాలా? ఇన్నేళ్లు నా భాష నేర్చుకున్నావు. ఇంకెందుకు మరి?"

"భాష కోసం. ఆ వాక్యం కొట్టేయండి."

"పిచ్చిపిల్లా, నీకు సీటు తెచ్చేదే ఆ వాక్యం. అది లేకుండా నేను సంతకం పెట్టను."

ఉత్తరం బల్లమీదే వదిలి లేచాను. తిరుగు ప్రయాణంలో బస్సులో నిలబడే వచ్చాను.

గుమ్మంలోనే నాన్న అడిగారు: "ఉత్తరం ఇచ్చిందా?"

"ఇచ్చింది. నేనే తీసుకోలేదు."

"దేవునికి స్తోత్రం! ఏమేవ్, విన్నావా? పిల్ల మనసు మార్చుకుంది!" అమ్మ అప్పటికప్పుడు సేమ్యా పాయసం పొయ్యిమీద పెట్టింది. ఎందుకు తీసుకోలేదో నాన్న అడగలేదు. ఆ పాయసం నేను ముట్టలేదు.

ఒక భాషను ఇష్టపడితే ఎవరో ఒకరి జెండా కింద నిలబడాల్సిందేనా? మా నాన్న, మా సిస్టరు ఒకరినొకరు చూడకుండానే ఈ విషయంలో ఏకమయ్యారు. మధ్యలో ఆ చిత్రం సంగతి, నేను నేర్చుకున్న చదువు సంగతి ఎవరికీ పట్టలేదు. చాచా కొడుక్కి ఉర్దూ వచ్చినంత బాగా నాకు ఏ భాష వచ్చు? అతను ఇంట్లో కూర్చున్నాడు. నేను కూర్చోను. మీలో ఎవరైనా ఇలాంటి చదువుకు దరఖాస్తు పెట్టేట్టయితే ఒకటే మాట: సిఫార్సు ఉత్తరం కవరు అంటించకముందే, ఆ గదిలోనే, చివరి వాక్యం దాకా చదవండి.

దరఖాస్తులో సిఫార్సు అన్నచోట "లేదు" అని రాశాను. ఆ చిత్రం మీద ఐదు పేజీల వ్యాసం ఇటాలియన్‌లో రాసి జతచేశాను. సోమవారం పోస్టు చేస్తాను. రమ్మంటే వెళతాను.