అనసూయమ్మగారు పట్టిన సీటు

మొన్న తెనాలి స్టేషనులో గుంటూరు బండి ఎక్కి కూర్చున్నానో లేదో, కిటికీలోంచి తడి తువ్వాలొకటి వచ్చి నా ఒళ్ళో పడింది. బట్టల సబ్బు వాసన. "పిన్నిగారూ, ఆ పక్క సీటు మాదేనండీ, కాస్త చూస్తుండండి!" అని ప్లాట్‌ఫాం మీంచి ఎవరో కేకేశారు. తువ్వాలు సీటు మీద పరిచాను. అనసూయమ్మగారు గుర్తొచ్చారు.

పన్నెండేళ్ళ కిందట, ఎనభైల నడుమ, నేను రేపల్లెలో హైస్కూలు లెక్కల టీచర్ని. అప్పటికి నలభై ఏడేళ్ళు, తలంతా నెరిసింది, పెళ్ళి చేసుకోలేదు, నోరు కాస్త దురుసు. క్యాన్సరని ఎడమ రొమ్ము తీసేశారు. తరవాత ఐదు వారాలు గుంటూరు వెళ్ళి కరెంటు పెట్టించుకోమన్నారు. రేడియేషన్‌ని మావైపు అలాగే అంటారు. మధ్యలో మానితే పెట్టిందంతా వృథా అవుతుందని, జబ్బు మళ్ళీ తిరగబెడుతుందని డాక్టరు గట్టిగానే చెప్పాడు. బళ్ళో మాత్రం కడుపులో పుండని చెప్పి సెలవు పెట్టాను. రేపల్లె నుంచి తెనాలి, అక్కడ దిగి గుంటూరు బండి. ఆ బండిలో తోపులాట ఇంతా అంతా కాదు. ఎవరి మోచెయ్యి తగిలినా కుట్ల దగ్గర ప్రాణం పోయినంత పనయ్యేది.

నాలాంటి రోగులకు సాయం చేయడానికి తెనాలిలో కొందరు ఆడవాళ్ళు ఒక జట్టుగా ఏర్పడ్డారు. ఒకరు మజ్జిగ తెచ్చేవారు, ఒకరు ఆసుపత్రిలో వరసలో నిలబడేవారు. అంగలకుదురు నుంచి వచ్చే అనసూయమ్మగారి పని సీటు పట్టడం. అరవై ఏళ్ళ మనిషి, పొట్టిగా, గుండ్రంగా ఉండేవారు. బండి ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి, అందరికంటే ముందు లోపల దూరి, దాని మీద చెయ్యి వేసుకుని కూర్చునేవారు. నేను ఎక్కగానే లేచి, "జరగండి నాయనా, క్యాన్సర్ మనిషి వస్తోంది!" అని పెట్టె అదిరిపోయేలా అరిచేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది. సాయం చేస్తున్న మనిషిని ఏమంటాం? పళ్ళు బిగపట్టి కూర్చునేదాన్ని.

రెండో వారంలో ఒకరోజు అదే పెట్టెలో మా డ్రిల్లు మాస్టారున్నాడు. మర్నాటికల్లా మా వీధి వీధంతా తెలిసిపోయింది. పక్కింటావిడ పెరుగు తెచ్చిచ్చి, "గిన్నె తిరిగివ్వకండి, మీరే ఉంచేసుకోండి," అంది. ఆ గిన్నె చూస్తూ ఏడ్చాను. అంతే, గుంటూరు వెళ్ళడం మానేశాను.

నాలుగోరోజు అనసూయమ్మగారు చెప్పులు చేత్తో పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు. స్టేషను నుంచి నడిచొస్తుంటే ఒక చెప్పు తెగిందట.

"తప్పు నాదేనమ్మా. ఇంక ఆ మాట అంటే ఒట్టు. మీరు మాత్రం కరెంటు మానకండి," అన్నారు.

"రానండి. అందరికీ తెలిసిపోయింది."

"మానేసి మీరు పోతే మాత్రం? దేంతో పోయిందో చెప్పుకోరా ఏంటి?"

ఒళ్ళు మండిపోయింది. ఓదార్చడానికొచ్చిన మనిషి అనే మాటేనా అది! ఆ కోపంలోనే మర్నాడు బండెక్కాను.

తెనాలిలో ఆవిడ ఎప్పట్లానే సీటు పట్టారు. ఎదురుగా ఒక భారీ మనిషి నిలబడి, "ఎవరికండీ ఇంతసేపు ఆపుతున్నారు?" అని దబాయిస్తున్నాడు. ఆవిడ నావైపు చూశారు. నోరు తెరిచారు, మూశారు. ఒట్టు గుర్తొచ్చినట్టుంది. చివరికి, "కడుపుతో ఉన్న మనిషికి నాయనా!" అనేశారు.

పెట్టెలో అందరూ నా నెరిసిన జుట్టు చూశారు. ఎవరో కిసుక్కుమన్నారు. "ఈవిడా?" అన్నాడాయన.

నాకు నవ్వాగలేదు. కుట్లు లాగుతున్నా, చేత్తో అదిమిపట్టుకుని మరీ నవ్వాను. రెండు నెలల్లో అదే మొదటిసారి. "కాదండీ, నాకు క్యాన్సర్. గుంటూరు వెళ్ళి కరెంటు పెట్టించుకోవాలి. తప్పుకోండి," అన్నాను. ఆయన తప్పుకున్నాడు. ఆ మాట నా నోటితో నేను అనడం అదే మొదలు.

"నేనైతే అన్లేదమ్మా," అన్నారు అనసూయమ్మగారు, కొంచెం భయంగా.

ఐదు వారాలూ పూర్తయ్యాయి. ఆవిడ పోయి మూడేళ్ళయింది. ఆవిడకి నేనెప్పుడూ కృతజ్ఞతలు చెప్పలేదు, ఆ లోటు నాకుంది. ఇప్పుడు బాపట్లలో మా చెల్లెలి ఇంట్లో ఉంటున్నాను. కిందటి నెల ఆ వీధిలో ఒకమ్మాయి పరీక్షల కాగితాలు కొంగులో దాచుకుని వచ్చి, "అదేనటండీ, ఆ జబ్బు," అని గుసగుసగా అంది. "క్యాన్సరా? నాకూ వచ్చిందమ్మా," అన్నాను, వీధిలోకి వినిపించేలాగే. ఆ పిల్ల ఉలిక్కిపడి నావైపు చూసింది. నెరిసిన తల నుంచి కాళ్ళ దాకా, బతికున్న మనిషినేనా కాదా అన్నట్టు, చాలాసేపు చూసింది.